ఎలీసమ్మ ఎలుకలు

బల్ల మధ్యలో వదిలిన తెల్లెలుక ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. గోడలున్న దారిలోకి దూరి, చివరి మూలకు పోయి ముడుచుకుని కూర్చుంది.

"బయటికి రావే తల్లీ," అని తెర వెనక నుంచి గొణిగింది రిహానా. "మందిచ్చాను గదే నీకు! ఒక్కసారి తొంగిచూడవే!"

ఎలుక వినిపించుకోలేదు. ముందుకాళ్లతో మూతి రుద్దుకుంటూ అక్కడే ఉండిపోయింది. అప్పటికి ఆ ఉదయం నుంచి ఏ ఎలుకను వదిలినా ఇదే వరస.

ఆ బల్ల సంగతి చెప్పాలి. ప్లస్ గుర్తులాగా నాలుగు దారులుంటాయి దానికి. నడుమెత్తు కాళ్ల మీద నిలబెడతారు. రెండు దారులకు అటూ ఇటూ గోడలు, మిగతా రెండింటికీ ఏమీ ఉండవు, అంచు దాటితే కింద నేలే. భయంగా ఉన్న ఎలుక గోడల చాటున దాక్కుంటుంది. భయం తగ్గిన ఎలుక గోడల్లేని పలక మీదికి వచ్చి, అంచు దగ్గర నిలబడి, కిందికి చూస్తుంది. ఎక్కడ ఎంతసేపు ఉందో కెమెరాలో చూసి లెక్క కడితే దాని గుండెలో గుబులెంతో తెలిసిపోతుంది. వినడానికి ఇంతే. గుంటూరు దాటాక, పత్తిచేల మధ్య ఉన్న ఆ ఫార్మసీ కాలేజీలో ఎం.ఫార్మసీ రెండో ఏడు చదువుతున్న రిహానా జీవితమంతా ఆ శీతాకాలం ఈ బల్ల చుట్టూనే తిరిగింది.

మొదటి బ్యాచ్ ఎలుకలు ఆమెను మేఘాల మీద నడిపించాయి. మందివ్వనివి గోడల చాటునే ఎక్కువసేపు ఉంటే, మందు పడినవి షికారుకు వచ్చినట్టు పలకల మీద తిరిగాయి. ఆ రోజు రిహానా చేసిన హడావుడి ఇంతా అంతా కాదు. ఎలుకల గది చూసుకునే ఎలీసమ్మను భుజాలు పట్టుకుని గిరగిరా తిప్పింది.

"ఏంది పాపా, పిల్లకి సంబంధం గానీ కుదిరిందా?" అంది ఎలీసమ్మ ఊపిరి తీసుకుంటూ.

"అంతకంటే గొప్ప సంగతి ఆంటీ! మెదడులో గ్లూటమేట్ అని ఒకటుంటుంది. పత్తిచేలో ముఠా మేస్త్రీ వేసే కేక అనుకో. కేక పడగానే కూలీలంతా లేస్తారా? అట్టాగే ఈ గ్లూటమేట్ తగలగానే మెదడులో కణాలు లేస్తాయి. ఆ కేక వినే చెవులే గ్రాహకాలు. ఆందోళన ఎక్కువైనవాళ్లకి ఆ కేక అవసరానికి మించి వినపడుతోందేమోనని అనుమానం. చెవుల్లో ఒక్క రకానికి, ఐదో నంబరు దానికి, మేం మందుతో అడ్డం పెట్టాం. ఎలుకలకి గుబులు తగ్గింది!"

"అన్ని చెవులకీ పెట్టొచ్చు గదా, ఒక్కదానికేంది?"

"అన్నీ మూసేస్తే మత్తుగా పడి ఉంటాయి. నేర్చుకున్నది కూడా మర్చిపోతాయి. అందుకే ఏ చెవి మూయాలో ఏరుకోవాలి."

"మా జోసఫ్‌కి పుట్టుకతోనే అన్నీ మూసేసి పంపాడు దేవుడు," అని ఎలీసమ్మ చీపురు అందుకుంది. "నేనెంత కేకేసినా మంచం దిగడు."

హాస్యానికి అన్న మాటే గానీ ఆమె భర్త జోసఫ్ మంచం దిగలేడు. మిర్చి యార్డులో బస్తాలు మోసి మోసి అతని వెన్ను పోయింది. ఇల్లు ఎలీసమ్మ జీతం మీదే నడుస్తోంది. ఆ జీతం కూడా కాలేజీ ఇచ్చేది కాదు, మనుషుల్ని పంపే కాంట్రాక్టరు ఇచ్చేది.

ఇప్పుడీ రెండో బ్యాచ్ మొత్తం తలకిందులైంది. మందు పడనివి దాక్కున్నాయి, మందు పడినవీ దాక్కున్నాయి. అదే మందు, అదే మోతాదు, అదే బల్ల. శుక్రవారం సాయంత్రానికి ఆఖరి ఎలుకను కూడా చూసేసి రిహానా గోడకు ఆనుకుని నేల మీద కూలబడింది. ఏడుపొచ్చేసింది.

గైడు డాక్టర్ మాధురి అంకెలు చూసి కళ్లజోడు తీసింది. చెడ్డమనిషి కాదు మాధురి. విద్యార్థుల కోసం ప్రాణం పెడుతుంది, కాకపోతే చేతిలో పని ఎదురు తిరిగితే ఎవరో ఒకరు దొరకాలి ఆమెకు.

"ఎలుకల్ని పంజరంలోంచి తీసేది ఎవరు?"

"ఎలీసమ్మ ఆంటీ మేడమ్."

"తోక పట్టుకుని ఎత్తుతుంది, నేను చూశాను. అట్లా ఎత్తితే ఎలుక ముందే హడలిపోతుంది. హడలిపోయినదాని మీద మందేం పని చేస్తుంది?"

"మొదటి బ్యాచ్‌ని కూడా ఆవిడే ఎత్తింది మేడమ్. అలాగే."

"మొదట్లో ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసి ఉంటుంది. రిహానా, నీకు జాలి ఎక్కువ. ఈ బ్యాచ్ పోయిందంటే నీ థీసిస్ పోయినట్టే. నేను ప్రిన్సిపాల్ గారికి చెప్పేస్తాను. గురువారం మీటింగులో తేల్చేస్తారు. కాంట్రాక్టరు ఇంకో మనిషిని పంపుతాడు."

బయటికి వచ్చేసరికి ఎలీసమ్మ వరండాలో నిలబడి ఉంది. లోపలి మాటలు ఆమెకు వినబడ్డాయని ముఖమే చెప్పింది. కొంగుతో చేతులు తుడుచుకుంటోంది, తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుస్తోంది.

"నేను గట్టిగా పట్టుకోను పాపా," అంది. "పసిపిల్లల్ని ఎత్తినట్టు ఎత్తుతా. నువ్వు చూస్తానే ఉంటావు గదా."

"చూస్తున్నా ఆంటీ."

"మరి చెప్పావా?"

రిహానా ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వణుకుతోంది.

*

శనివారం మధ్యాహ్నం తండ్రి పీరు ఆమెను బలవంతంగా బస్సెక్కించాడు. వాడరేవులో అక్క అనీసా ఇంటికి.

"నీ మొహం చూస్తుంటే నాకే భయమేస్తోంది," అన్నాడు. "సముద్రం చూసి రా పో. ఎలుకలు ఎక్కడికీ పోవు."

పీరు యార్డులో హమాలీ. ఇంటికొస్తే చొక్కాలోంచి, జుట్టులోంచి, చెప్పుల్లోంచి మిర్చి వాసనే. సీజన్లో ఆ ఇంట్లో దిండు దులిపినా ఎర్రటి దుమ్ము లేస్తుంది. కొత్తవాళ్లొస్తే గుమ్మంలోనే దగ్గు మొదలు. ఇంట్లోవాళ్లకు ఆ దగ్గెందుకో అర్థం కాదు. కొత్తవాళ్ల గొంతు బాగాలేదనుకుని మంచినీళ్లిస్తారు. ఆ చుట్టుపక్కల అందరి ముక్కులూ అంతే.

వాడరేవులో రిహానా ఒక్కచోట నిలబడలేదు. ఎండబెట్టిన చేపలు తిరగేస్తున్న అనీసా పక్కన కూర్చుని, తనూ ఒక్కో చేపను తిరగేస్తూ, ఎలుకల సంగతే చెప్పింది. మళ్లీ చెప్పింది. పడవలు ఒడ్డుకు లాగుతుంటే చూస్తూ మళ్లీ మొదలుపెట్టింది.

"ఒసేయ్, ఆ ఎలుకలకి కాదు, నీకు ఇవ్వాలే ఆ మందు," అంది అనీసా. "నీ చెవుల్లో కేక ఎవరేస్తున్నారో గానీ ఆగట్లేదు."

రిహానాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఎలీసమ్మ చేతులు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. నిజమే, ఆమెకే గనక ఆ మందు ఇస్తే వణుకు తగ్గుతుందా? ఉద్యోగం పోతుందన్న వణుకు ఎట్లా తగ్గుతుంది? ఏదో తోచీ తోచనట్టుగా ఉంది. సముద్రపు గాలి ముఖానికి కొడుతుంటే ఒడ్డు వెంట చాలా దూరం నడిచింది. ఆదివారమంతా అదే గాలి. ఉప్పు, చేపలు, తడి ఇసుక.

సోమవారం పొద్దున్నే బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా కాలేజీకొచ్చింది. ఎలుకల గది తలుపు తీసి, ఒక కాలు లోపల పెట్టిందో లేదో, ఒక తుమ్ము. వెంటనే ఇంకోటి. ఆపుకునేలోపు మూడోది.

"సముద్రం గాలి పడలేదేమో పాపా," అంది లోపల ఊక సర్దుతున్న ఎలీసమ్మ.

"పడక... హాచ్!"

రిహానా వరండాలోకి వచ్చి ముక్కు తుడుచుకుంది. తుమ్ము ఆగిపోయింది. లోపలికెళ్లింది. తుమ్ము. మళ్లీ బయటికొచ్చింది. ఏమీ లేదు. అక్కడ వరండాలో చేతిసంచీ భుజానికి వేలాడుతుండగానే ఆమెకు చప్పున ఏదో తట్టింది. సంచీ అక్కడే పడేసి, లోపలికి పరిగెత్తి, దగ్గర్లో ఉన్న పంజరం మూత తీసి, అందులో పరిచిన ఊకను గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారాయి.

"ఆంటీ! నీకు వాసన రావట్లా?"

"ఏం వాసన?"

"కారం ఆంటీ! కారం!"

ఎలీసమ్మ కూడా ఊక తీసి వాసన చూసింది. తల అడ్డంగా ఊపింది. "ఏం లేదే. ఊక వాసనే వస్తోంది. అయినా ఈ ఊళ్లో గాలంటేనే కారం గదమ్మా. దాన్ని కూడా వాసన అంటారా?"

"అదే! అదే ఆంటీ! మనకి తెలియదు! రెండ్రోజులు వాడరేవులో ఉంటే నా ముక్కు కడిగినట్టైంది, అందుకే తెలిసింది. నీకు తెలియదు, మేడమ్‌కి తెలియదు, ఈ కాలేజీలో ఎవ్వరికీ తెలియదు. ఎలుకలకి తెలిసింది! వాటి ముక్కు నేలకి అంగుళం ఎత్తులో ఉంటుంది. రాత్రింబవళ్లు ఇందులోనే పడుకుంటాయి. అవి మూతి రుద్దుకుంటుంటే శుభ్రం చేసుకుంటున్నాయిలే అనుకున్నాను, మండి రుద్దుకుంటున్నాయి!"

గది మూల చూసింది. రైసుమిల్లు నుంచి తెచ్చిన ఊక గోనెసంచుల్లో ఉంది. వాటిని యార్డులో టిక్కీలంటారు, మిర్చి నింపే సంచులు. సంచి అడుగు తిరగేసి కుట్టు విప్పితే లోపల మడతలో సన్నగా ఎర్రటి గీత కనిపించింది. రిహానా ఆ గీత మీద వేలు పెట్టి కేక పెట్టింది. ఎలీసమ్మ హడలిపోయింది, ఎలుకలు హడలిపోయాయి.

*

ఆ పూటే మాధురి దగ్గరికి పరిగెత్తబోయి గుమ్మం దగ్గర తనను తాను ఆపుకుంది. "నాకు తుమ్మొచ్చింది మేడమ్" అంటే ఎవరు నమ్ముతారు? చూపించాలి. గురువారం లోపల చూపించాలి.

మిల్లుకెళ్లి కొత్త ప్లాస్టిక్ సంచుల్లో తాజా ఊక తెచ్చింది. పంజరాలు కడిగి ఎండలో పెట్టింది. వాడకుండా విడిగా ఉంచిన ఎలుకల్ని రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు కొత్త ఊక, ఒక జట్టుకు టిక్కీల ఊక. మందు ఎవరికీ లేదు.

"బుధవారం బల్ల మీదికి వీటిని నువ్వే తియ్యాలి ఆంటీ," అంది ఎలీసమ్మతో. "ఎప్పుడూ ఎట్టా ఎత్తుతావో అట్టాగే. ఒక్కదాన్ని కూడా నేను ముట్టుకోను."

"నా వల్ల కాదు తల్లీ. మళ్లీ అవి దాక్కుంటే?"

"దాక్కుంటే దాక్కోనీ. నీ చేతి తప్పైతే రెండు జట్లూ దాక్కోవాలి. ఒక్క జట్టే దాక్కుందనుకో, నీ చెయ్యి గెలిచినట్టే!"

ఎలీసమ్మ ఎలుకల వైపు చూసి, శిలువ గుర్తు వేసుకుని, సరేనంది.

తను లెక్కిస్తే తనకు కావాల్సిందే కనపడుతుందని రిహానాకు తెలుసు. అందుకని వీడియోలు క్లాస్‌మేట్ శ్రీదివ్యకు ఇచ్చింది. ఏ ఎలుక ఏ ఊక మీద పడుకుందో చెప్పలేదు. బుధవారం సాయంత్రం శ్రీదివ్య కంప్యూటర్ ముందు కూర్చుంటే రిహానా కారిడార్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగింది. కిటికీలోంచి చూడబోతే శ్రీదివ్య లోపలి నుంచి అరిచింది.

"ఒసేయ్, అట్టా తొంగిచూస్తే నేను లెక్క తప్పుతా! పోయి టీ తాగి రా!"

టీ తాగింది. ఏ రుచీ తెలియలేదు. తిరిగొచ్చేసరికి శ్రీదివ్య కుర్చీ వెనక్కి తిప్పి కూర్చుని ఉంది.

"వీటిల్లో సగానికి మందిచ్చావు గదా?" అంది.

"లేదు. దేనికీ ఇవ్వలేదు."

"అబద్ధం! సగం ఎలుకలు పలకల మీద ఊరేగుతుంటే! మిగతా సగం మూల వదల్లేదు."

"నంబర్లు చెప్పు. తిరిగినవాటి నంబర్లు!"

శ్రీదివ్య చదివింది. ఒకటి తప్ప అన్నీ కొత్త ఊక ఎలుకలే. రిహానా ఆమె మెడ చుట్టూ చేతులు వేసి ఊపిరాడకుండా చేసింది. ఆ తర్వాత కాలేజీ మెట్లు రెండేసి దూకుతూ ఎలుకల గదికి పరిగెత్తింది. దార్లో ఇద్దరు లెక్చరర్లకు తగిలి, సారీ కూడా చెప్పకుండా పోయింది.

"ఆంటీ! నీ చెయ్యి గెలిచింది!"

ఎలీసమ్మకు అన్నీ అర్థం కాలేదు. కానీ ఆ పిల్ల ముఖం చూసి, శుక్రవారం తర్వాత మొదటిసారి నవ్వింది.

*

గురువారం ప్రిన్సిపాల్ గదిలో రిహానా మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వీడియోలు చూపించింది. శ్రీదివ్య లెక్క చూపించింది. ఒక కవర్లో టిక్కీ ఊక, ఇంకో కవర్లో కొత్త ఊక బల్ల మీద పెట్టి వాసన చూడమంది. ప్రిన్సిపాల్ రెండూ చూసి, "రెండూ ఒకటేగా?" అన్నాడు.

"మీది గుంటూరు కదా సార్!"

గదిలో అందరూ నవ్వారు. మాధురి నవ్వుతూనే ముందుకు జరిగి వీడియో వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. ఆమె కళ్లల్లో మెరుపొచ్చింది. ఎంత కోపిష్టి అయినా పరిశోధన అంటే ప్రాణం ఆమెకు.

"అయితే మందిచ్చినవి కూడా ఎందుకు దాక్కున్నాయి?" అంది తనలో తను అనుకుంటున్నట్టు.

"అవి ఊరికే భయపడలేదు మేడమ్. వాటికి నిజంగానే మండుతోంది. ఐదో నంబరు గ్రాహకాన్ని మనం మూశాం, గుబులు తగ్గుతుంది, సరే. కింద మంట మంటే కదా! మంట తీయకుండా గుబులు తీయాలని చూశాం మనం."

"ఆగాగు. అంత పెద్ద మాట ఇంత కొద్ది ఎలుకల మీద చెప్పలేం. మండినా, ముక్కు మూసుకుపోయినా తిరగడం మానేస్తాయి, అది భయమో కాదో విడిగా చూడాలి. కానీ..." మాధురి పెన్ను బల్ల మీద టకటకా కొట్టింది. "కానీ చూడాలి! తప్పకుండా చూడాలి!"

రిహానాకు గాల్లో తేలుతున్నట్టుంది. తన ఎలుకలు, తన ప్రశ్న, తన జవాబు. బయట వరండాలో బెంచీ మీద ఎలీసమ్మ పొద్దున్నుంచీ కూర్చుని ఉంది. ఇంకొక్క నిమిషంలో వెళ్లి చెప్పేస్తుంది.

"సరే, ఇంతకీ ఆ సంచుల్లో ఊక తెచ్చిందెవరు?" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఊక తెచ్చేది ఎలీసమ్మే సార్," అంది మాధురి.

"అంటే తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం. తోక పట్టుకుని కాదు, ఊకతో పాడు చేసింది. ఎలుకల గదిలోకి కారం సంచులా? మనిషిని మార్చాల్సిందే." అని ఎదురుగా ఉన్న కాగితం దగ్గరికి లాక్కుని పెన్ను మూత తీశాడు.

రిహానా ఆ పెన్ను వైపు చూసింది. ఇంత పరుగు పరిగెత్తి, ఇన్ని రుజువులు పోగేసి, ఎలీసమ్మ మెడకు ఉరి తనే బిగించింది. ఆ కారం ఎవరి వల్ల వచ్చిందో సోమవారం నుంచీ ఆమెకు తెలుసు. ఎర్ర గీత మీద వేలు పెట్టినప్పుడే తెలుసు. సంబరంలో ఆ ఆలోచనను పక్కకు నెట్టేసింది, అంతే.

"ఆ సంచులు నేను తెచ్చాను సార్."

పెన్ను ఆగింది.

"మొదటి బ్యాచ్ అయ్యాక ప్లాస్టిక్ సంచులు చిరిగిపోయి, ఆంటీ మిల్లు నుంచి వస్తుంటే దారంతా ఊక కారిపోయేది. ఆవిడ అవస్థ చూడలేక మా నాన్నని అడిగి యార్డు నుంచి టిక్కీలు తెచ్చిచ్చాను. నాన్న దులిపి ఎండలో వేశాడు. శుభ్రంగానే ఉన్నాయనుకున్నాం. ఆవిడకేం తెలియదు. రెండో బ్యాచ్ పాడు చేసింది నేనే."

చెప్పేసింది. థీసిస్ పోతుంది. మాధురి సిఫారసు ఉత్తరం రాస్తానన్న హైదరాబాద్ ల్యాబ్ పోతుంది. పోనీ అనుకుంది. పోతే పోయింది.

ప్రిన్సిపాల్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఒక్కసారిగా పకపకా నవ్వాడు.

"గుంటూరు పిల్లవనిపించుకున్నావమ్మా! రీసెర్చ్ అన్నాక ఇట్లాంటివి వంద జరుగుతాయి. తప్పు చేసి, ఆ తప్పుని నువ్వే పట్టుకోవడం, అదీ గొప్ప! శభాష్!"

"దీన్నే చిన్న పేపర్‌గా రాద్దాం," అంది మాధురి ఉత్సాహంగా. "ఎలుకల గదిలో ఊక గురించి ఇంత జాగ్రత్త ఎవరు చెప్పారు? నీ పేరే ముందు పెడదాం. గడువు పొడిగించమని నేను రాస్తాను, బ్యాచ్ మళ్లీ చేద్దువుగాని."

రిహానా ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూసింది. ఇద్దరూ నిజంగానే సంతోషంగా ఉన్నారు. పెన్నుకు మూత పడింది.

"మరి ఎలీసమ్మ ఆంటీ..."

"ఆవిడ ఉంటుందిలే, ఇంకేముంది," అన్నాడు ప్రిన్సిపాల్ ఫోన్ అందుకుంటూ. "చెప్పు వెళ్లి."

వరండాలోకి వచ్చేసరికి ఎలీసమ్మ బెంచీ మీంచి లేచి నిలబడింది.

"ఉండమన్నారు ఆంటీ. నీ తప్పేం లేదని తేలింది."

"దేవా!" అని ఎలీసమ్మ మళ్లీ కూలబడి, కొంగులో ముఖం దాచుకుంది. కాసేపటికి కొంగు తీసి చూసింది. "మరి ఎవరి తప్పంట?"

"నాది. నేను తెచ్చిన టిక్కీలే గదా."

"అయ్యో! చెప్పేశావా?" ఎలీసమ్మ గుండెలు బాదుకుంది. "నోరు మూసుకోలేకపోయావా పిచ్చిమొహమా! నిన్ను చదువు మాన్పించి పంపేస్తారు! వద్దు, పద, లోపలికి పద. నేను చెప్తా. ఈ పిల్లకేం తెలియదు, నేనే అడిగి తెప్పించుకున్నానని చెప్తా. పొమ్మంటే నన్ను పొమ్మంటారు, నాకేంది, ఎక్కడో పత్తి ఏరుకుంటా." అని రిహానా మణికట్టు పట్టుకుని ప్రిన్సిపాల్ గది వైపు లాగింది. ముసలి చెయ్యి అయినా ఉడుంపట్టు.

"ఆంటీ, ఆగు. నన్నేమీ అనలేదు."

"అనకుండా ఎట్టా ఉంటారే? అంత నష్టమైతే! నాకు తెలియదా వాళ్లు? ఏమన్నారో చెప్పు. నిజం చెప్పు."

"శభాష్ అన్నారు."

ఎలీసమ్మ చెయ్యి వదిలేసింది. రిహానా వైపు చూసింది, మూసి ఉన్న తలుపు వైపు చూసింది, తన రెండు చేతుల వైపు చూసుకుంది. బెంచీ కింద పెట్టుకున్న బకెట్ తీసుకుని ఎలుకల గది వైపు తిరిగింది.

రిహానాకు ఒళ్లంతా భగ్గుమంది. ఈసారి ఆమే ఎలీసమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికి? రా."

"ఎందుకు పాపా, అయిపోయింది గదా."

"అవ్వలేదు. నీ తప్పు కాదన్న మాట నేను చెప్తే సరిపోదు. నిన్నన్నవాళ్లే నీ ఎదురుగా చెప్పాలి. చెప్పేదాకా ఇద్దరం అక్కడే నిలబడదాం."

బకెట్ చేతిలో ఉండగానే ఎలీసమ్మను వెంటబెట్టుకుని వెళ్లి, రిహానా ప్రిన్సిపాల్ గది తలుపును కొట్టకుండానే తోసింది.